వెలుగు లేని తెర: రంగుల ఎలక్ట్రానిక్ కాగితం సూరత్‌లో ఏ గోడకు పనికొస్తుంది?

విజయవాడ వస్త్రలతలోనో, హైదరాబాద్ మదీనా దగ్గరో చీరల వ్యాపారం చేసేవాళ్లకు సూరత్ రింగ్ రోడ్ గురించి చెప్పక్కర్లేదు. బహుళ అంతస్తుల బట్టల మార్కెట్లు, ఒక్కో దానిలో వందల దుకాణాలు. అలాంటి చోట గోడ ఖాళీగా ఉండదు. కొంత ఫ్లెక్సీకి పోతుంది, కొంత రాత్రింబవళ్లు మెరిసే ఎల్ఈడీ, ఎల్‌సీడీ తెరలకు పోతుంది. ఫ్లెక్సీ చౌక, కానీ ఒకసారి అచ్చు వేస్తే మారదు. తెర ఎన్నిసార్లైనా మారుతుంది, కానీ వెలిగినంతసేపూ కరెంటు తింటుంది, మధ్యాహ్నం ఎండలో వెలవెలబోతుంది.

ఈ రెంటికీ మధ్య ఇప్పుడు మూడో రకం వచ్చింది. కాగితంలా వెలుగు లేకుండా, తెరలా మార్చుకునే వీలుతో ఉండే పెద్ద సైజు రంగుల ఎలక్ట్రానిక్ కాగితం. శాంసంగ్ 32 అంగుళాల పలకను మార్కెట్‌లోకి తెచ్చింది. ఫిలిప్స్ పేరుతోనూ, షార్ప్ పేరుతోనూ ఇలాంటి పోస్టర్ పలకలు అమ్ముతున్నారు. 75 అంగుళాల పలకలను కూడా పరిశ్రమ ప్రదర్శనల్లో చూపించారు. వీటన్నిటి లోపల ఉండే అసలు పదార్థాన్ని ప్రధానంగా తయారుచేసేది తైవాన్‌కు చెందిన ఈ ఇంక్ అనే ఒకే సంస్థ.

ముందు మాట గురించి ఒక మాట. తెలుగులో 'ఈ-పేపర్' అనగానే దినపత్రిక ఇంటర్నెట్ ప్రతి గుర్తొస్తుంది. ఇది అది కాదు. కిండిల్ రీడర్‌లో కనిపించే నలుపు తెలుపు తెర ఉంది కదా, దాని అన్న అనుకోవచ్చు. గోడకు తగిలించేంత పెద్దది, రంగులు తెలిసినది.

దీన్ని ఎక్కడ పెడితే గిట్టుబాటవుతుంది, ఎక్కడ పెడితే డబ్బు దండగ అని తేల్చడానికి సూరత్ మంచి పరీక్ష. రంగే వ్యాపారమైన ఊరు అది. ఎండ, ఉప్పుగాలి, వరద మూడూ ఉన్న ఊరు. పైగా వీధిలో అరడజను భాషలు వినిపించే వలస కార్మికుల ఊరు.

లోపల ఏముంది?

ఎల్‌సీడీ తెర వెనక దీపం ఉంటుంది. ఎల్ఈడీ తెరలో ప్రతి చుక్కా ఒక దీపమే. ఎలక్ట్రానిక్ కాగితంలో దీపం లేదు. రెండు పలుచని పొరల మధ్య, వెంట్రుక మందం స్థాయిలో ఉండే లెక్కలేనన్ని చిన్న గిన్నెలు ఉంటాయి. వాటిలో నూనెలాంటి ద్రవం, అందులో తేలే రంగు రేణువులు. రేణువులకు విద్యుదావేశం ఉంటుంది. వెనక పొర నుంచి కొద్ది వోల్టుల విద్యుత్తు ఇస్తే ఒక రకం పైకి వస్తాయి, మరో రకం అడుక్కి పోతాయి. పైకి వచ్చిన రంగు మీద గది వెలుగో, ఎండో పడి మన కంటికి చేరుతుంది. అచ్చు కాగితం కనిపించేదీ ఇలాగే. ఎండ పెరిగేకొద్దీ ఇది ఇంకా బాగా కనిపించడానికి కారణం అదే.

విద్యుత్తు ఆపేసినా రేణువులు ఎక్కడివక్కడే ఉండిపోతాయి. ఈ ఒక్క గుణం మీదే దీని వ్యాపారమంతా ఆధారపడి ఉంది. బొమ్మ మార్చేటప్పుడే కరెంటు కావాలి. నిలిపి ఉంచడానికి అక్కర్లేదు. కదలని బొమ్మ ఉన్నంతసేపూ తన పలక వాడే విద్యుత్తు 0.00 వాట్లు అని శాంసంగ్ చెప్పుకుంటుంది. 0.005 వాట్ల కంటే తక్కువైతే సున్నాగా రాయవచ్చన్న అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఆ అంకె వేశారు. నిజంగా సున్నా కాకపోయినా, దానికి చాలా దగ్గర.

నలుపు తెలుపు రేణువులను విడదీయడం తేలిక. ఒకదానికి ధనావేశం, మరొకదానికి రుణావేశం ఇస్తే సరిపోతుంది. రంగులొచ్చేసరికి కథ మారుతుంది. ఒక పద్ధతిలో నలుపు తెలుపు పొర మీదే ఎరుపు, ఆకుపచ్చ, నీలం గాజు కళ్లద్దాలు పెట్టినట్టు వడపోత పొర వేస్తారు. ఇది వేగంగా మారుతుంది, కానీ వడపోత వెలుగును మింగేస్తుంది కాబట్టి బొమ్మ మసకగా ఉంటుంది. పెద్ద పోస్టర్లకు వాడేది రెండో పద్ధతి. ఇందులో ఒక్కో గిన్నెలోనే నాలుగు రకాల రంగు రేణువులు వేస్తారు. ఆవేశంలోనూ, కదిలే వేగంలోనూ ఉన్న తేడాలను వాడుకుని, వోల్టేజీని ఒక క్రమంలో ముందుకూ వెనక్కూ ఊపి, కావలసిన రంగును పైకి తెస్తారు. ధాన్యాన్ని చేటలో చెరిగినట్టు. ఈ ఇంక్ 2023లో ప్రకటించిన 'స్పెక్ట్రా 6' రకం ఇలా నలుపు, తెలుపు, ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ అనే ఆరు రంగులు తెస్తుంది.

చెరగడానికి సమయం పడుతుంది. బొమ్మ మారేటప్పుడు పలక పది, ఇరవై సెకన్ల పాటు మిణుకుమిణుకుమంటూ రంగులు మార్చి, చివరికి నిలబడుతుంది. కాబట్టి దీని మీద వీడియో ఆడదు. తెర అనుకుని కొన్నవాడు మోసపోయినట్టు భావిస్తాడు. కాగితం అనుకుని కొన్నవాడికే దీని విలువ తెలుస్తుంది.

పోస్టర్‌గా పుట్టి, పుస్తకమై, మళ్లీ పోస్టర్

చాలామంది ఇది పుస్తకాల కోసం పుట్టి పెద్దదైందనుకుంటారు. నిజానికి వరస తిరగబడి ఉంది. 1970లలో అమెరికాలోని జిరాక్స్ పరిశోధనా కేంద్రంలో నిక్ షెరిడన్ గైరికాన్ అనే తొలి ఎలక్ట్రానిక్ కాగితాన్ని రూపొందించాడు. తర్వాత దాన్ని దుకాణాల బోర్డులుగానే అమ్మే ప్రయత్నం జరిగింది, నిలవలేదు. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో జరిగిన పని నుంచి 1997లో ఈ ఇంక్ పుట్టింది. అది కూడా 1999లో మొదట బయటకు తెచ్చింది దుకాణాల్లో వేలాడదీసే పెద్ద ప్రకటన బోర్డునే. జేసీ పెన్నీ దుకాణాల్లో దాన్ని పరీక్షించారు. చుక్కలు ముతక, రంగు లేదు, ధర ఎక్కువ. అదీ నడవలేదు. 2006లో సోనీ రీడర్, 2007లో కిండిల్ వచ్చాక గానీ సంస్థ నిలదొక్కుకోలేదు. 2009లో తైవాన్‌కు చెందిన ప్రైమ్ వ్యూ సంస్థ దాన్ని కొనేసింది. సూపర్ మార్కెట్ల అరల మీద ధర చూపే చిన్న బిళ్లలు దానికి తర్వాతి పెద్ద మార్కెట్ అయ్యాయి. అలా తిరిగి తిరిగి పాతికేళ్లకు మళ్లీ పోస్టర్ దగ్గరకు చేరింది, ఈసారి రంగులతో.

చీర రంగు దగ్గర చిక్కు

సూరత్‌లో దీన్ని మొదట చూసే వ్యాపారికి కలిగే ఆలోచన ఊహించడం కష్టం కాదు. రోజుకో కొత్త డిజైన్, చీర పెట్టె మీద, కేటలాగ్‌లో, దుకాణం ముందు అదే ఫొటో. ఈ పలక మీద పెట్టేస్తే సరిపోదా?

సరిపోదు. ఆరు రంగుల నుంచి అరవై వేల రంగులు చూపగలమని తయారీదారులు అంటారు. అది చుక్కల లెక్క. నారింజ కావాలంటే ఎరుపు చుక్కలు, పసుపు చుక్కలు పక్కపక్కన పెట్టి కంటిని నమ్మిస్తారు. దినపత్రిక ఫొటోను భూతద్దం కింద చూస్తే కనిపించే చుక్కల లాంటివే. 32 అంగుళాల పలక మీద అడ్డంగా 2560, నిలువుగా 1440 చుక్కలు ఉంటాయి. అంటే అంగుళానికి తొంభై పైచిలుకు. నాలుగడుగుల దూరం నుంచి ఇబ్బంది లేదు. దగ్గరకు వెళ్తే రంగు ఇసుక చల్లినట్టు కనిపిస్తుంది. వంగపండు రంగుకూ ఊదాకూ, చిలకాకుపచ్చకూ లేతాకుపచ్చకూ మధ్య తేడాతోనే బేరం నడిచే చోట అది చాలదు. జరీ మెరుపు అసలే రాదు. మెరుపు అంటే వెలుగు ఒక దిక్కుకు ఎక్కువగా తిరిగి రావడం. ఈ పలక వెలుగును అన్ని దిక్కులకూ సమానంగా చల్లుతుంది. రంగు చూసి వంద చీరల ఆర్డర్ పెట్టే వ్యాపారికి దీని మీద బొమ్మ చూపించడం గొడవలు కొని తెచ్చుకోవడమే. ఆ పనికి మంచి ఎల్‌సీడీ తెర మెరుగు. అంతకన్నా మెరుగు, చీర మడత విప్పి చూపించడం.

అదే మార్కెట్‌లో ఏ అంతస్తులో ఏ దుకాణముందో చెప్పే బోర్డు, ఇవాళ్టి ధరల పట్టిక, లిఫ్టు మరమ్మతు నోటీసు, పార్సిల్ కౌంటర్ దగ్గర ఏ లారీ ఎన్నింటికి బయలుదేరుతుందో చెప్పే పట్టిక. వీటికి రంగు కచ్చితంగా ఉండనక్కర్లేదు. అక్షరం స్పష్టంగా ఉంటే చాలు. అమ్మే వస్తువును చూపించడానికి కాదు, అమ్మకం చుట్టూ ఉన్న సమాచారాన్ని చూపించడానికి ఇది పుట్టింది.

లెక్క వేస్తే

కరెంటు ఆదా అని దీన్ని అమ్ముతారు. లెక్క వేస్తే ఆ వాదన అంత గట్టిది కాదు. 32 అంగుళాల ఎల్‌సీడీ పలక యాభై వాట్లు తీసుకుంటుందనుకుందాం. రోజుకు 14 గంటలు వెలిగితే 0.7 యూనిట్. ఏడాదికి దాదాపు 255 యూనిట్లు. యూనిట్ ఎనిమిది రూపాయలనుకున్నా ఏడాదికి రెండు వేల రూపాయల చిల్లర. ఎలక్ట్రానిక్ కాగితం ధర అదే సైజు ఎల్‌సీడీకి ఎన్నో రెట్లు. ఆ తేడాను కరెంటు బిల్లుతో రాబట్టాలంటే పలక కంటే ముందు యజమాని పాతబడిపోతాడు.

అసలు ఆదా వైరు దగ్గర ఉంది. శాంసంగ్ పలక బ్యాటరీతో కలిపి దాదాపు రెండున్నర కిలోల బరువు. గోడ తవ్వి వైరింగ్ చేయనక్కర్లేదు, మీటర్ అనుమతి అక్కర్లేదు, రోడ్డు పక్క స్తంభానికైతే చిన్న సౌర పలక చాలు. అమెరికాలోని బోస్టన్ రవాణా సంస్థ నేల మీద నడిచే రైలు స్టాపుల్లో సౌరశక్తితో నడిచే నలుపు తెలుపు బోర్డులు పెట్టింది ఇందుకే. సిడ్నీలో 2015లో పెద్ద ఉత్సవాలప్పుడు పార్కింగ్ ఆంక్షలు చెప్పే రోడ్డు బోర్డులుగా వాడింది కూడా ఇందుకే. కరెంటు ఖర్చు గురించి కాదు, కరెంటు తీగ అక్కడిదాకా లాగే ఖర్చు గురించి.

ఫ్లెక్సీతో పోటీ ఇంకో లెక్క. 32 అంగుళాల పలక విస్తీర్ణం మూడు చదరపు అడుగులే. ఆ సైజు ఫ్లెక్సీని అచ్చు వేయించి, మనిషిని పంపి అతికించడానికి వంద రూపాయలు, పలకకు లక్ష రూపాయలు అవుతాయనుకుందాం. బొమ్మ వెయ్యిసార్లు మారితే గానీ పలక గిట్టదు. వారానికొకసారి మార్చే దుకాణానికి అది పందొమ్మిదేళ్లు. రోజుకు మూడుసార్లు మారే బస్సు పట్టికకు ఏడాది లోపే. కొనాలా వద్దా అన్నది ఈ మారే వేగమే తేలుస్తుంది.

మన దగ్గర ఫ్లెక్సీ అంటే ముందు గుర్తొచ్చేది నాయకుడి పుట్టినరోజు. 2022 ఆగస్టులో అప్పటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి ప్లాస్టిక్ ఫ్లెక్సీల నిషేధాన్ని విశాఖపట్నంలో ప్రకటించినప్పుడు, మరి దీని బదులు ఏమిటని అచ్చు దుకాణాల వాళ్లు అడిగారు. ఎలక్ట్రానిక్ కాగితం దానికి జవాబు కాదు. 40 అడుగుల వెడల్పు, 20 అడుగుల ఎత్తు హోర్డింగ్‌ను నింపాలంటే 75 అంగుళాల పలకలు నలభై ఎనిమిది కావాలి. మూడు రోజుల పుట్టినరోజుకు ఎవరూ ఆ పని చేయరు. ఫ్లెక్సీకి బదులు గుడ్డ మీద అచ్చు వేయడమే దారి, ఆ గుడ్డ నేసేదీ అద్దేదీ మళ్లీ సూరతే కావచ్చు.

చెత్త విషయంలోనూ తొందరపడి చప్పట్లు కొట్టనక్కర్లేదు. ఫ్లెక్సీ పోతే ప్లాస్టిక్ తగ్గుతుంది నిజమే. కానీ పలకలో గాజు, సర్క్యూట్, లిథియం బ్యాటరీ ఉంటాయి. పాడైతే అది 2023 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల కిందికి వచ్చే సరుకు. రెండేళ్లకే మూలన పడితే అది ఫ్లెక్సీ కంటే ఏమంత గొప్పది కాదు.

ఎండలో కనిపిస్తుంది, ఎండను ఓర్చుకుంటుందా?

ఎండలో బాగా కనిపించడం వేరు, ఎండలో బతకడం వేరు. ప్రకటనల్లో మొదటిది పెద్ద అక్షరాల్లో ఉంటుంది. లోపల కదిలేది ద్రవంలో తేలే రేణువులు కాబట్టి ఉష్ణోగ్రత మారితే వాటి నడక మారుతుంది. చలిలో బద్ధకిస్తాయి, వేడిలో అదుపు తప్పుతాయి, రంగు సరిగ్గా కుదరదు. దుకాణం లోపల వాడే రంగుల పలకలను సాధారణంగా సున్నా నుంచి 50 డిగ్రీల మధ్యే వాడమంటారు. సూరత్‌లో వేసవి మధ్యాహ్నం గాలి నలభై డిగ్రీలు దాటే రోజులుంటాయి. రామగుండంలోనో, కొత్తగూడెంలోనో ఇంకా ఎక్కువ. అదే గాలి గాజు పెట్టెలో బిగించి నేరుగా ఎండ తగిలే స్తంభం మీద ఉంటే లోపల వేడి యాభైని సులువుగా దాటేస్తుంది. ఆరుబయట వాడకానికి ఎక్కువ వేడిని తట్టుకునే రకాలను ప్రత్యేకంగా చేస్తున్నారు. టెండర్ రాసే ఇంజనీరు ఆ ఒక్క అంకెను చూడకపోతే తొలి మే నెలలోనే పలక రంగులు కలగాపులగం అవుతాయి.

నీడ ఉన్న బస్ షెల్టర్, రైల్వే ప్లాట్‌ఫారం పైకప్పు కింద, మార్కెట్ వరండా. దీనికి తగిన చోట్లు ఇవి. రాత్రి చదవాలంటే పైన ఒక దీపం కావాలి. అదొక్కటీ మరిచిపోయి బోర్డు పెట్టేవాళ్లు ఉంటారు.

రైల్వే సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. సూరత్ నుంచి వరంగల్, విజయవాడ వైపు నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో వచ్చే తెలుగువాళ్లు ఒకప్పుడు బోగీ తలుపు పక్కన జిగురుతో అతికించిన రిజర్వేషన్ చార్టులో పేరు వెతుక్కునేవాళ్లు. కాగితం ఆదా కోసం 2018 మార్చి నుంచి పెద్ద స్టేషన్లలో ఆ అతికింపును ఆపేశారు. ఫోన్‌లో చూసుకోగలిగినవాళ్లకు నష్టం లేదు. చూసుకోలేనివాళ్లకు బోగీ మీది కాగితం పోయింది. రోజుకు కొన్నిసార్లు మారాలి, నీడలో ఉండాలి, అక్షరాలు చిన్నవైనా స్పష్టంగా ఉండాలి. ఎలక్ట్రానిక్ కాగితం కోసమే పుట్టినట్టున్న పని ఇది.

ఏడు భాషల బడి, పదహారు చుక్కల బోర్డు

తెలంగాణ జిల్లాల నుంచి భివండి, షోలాపూర్, సూరత్ మరమగ్గాలకు వెళ్లిన పద్మశాలి కుటుంబాల కథ తెలిసిందే. సూరత్‌లో లింబాయత్, ఉధనా ప్రాంతాల్లో తరాలుగా ఉంటున్నారు. ఒడిశా నుంచి, మహారాష్ట్ర నుంచి, ఉత్తరాది నుంచి వచ్చినవాళ్లు ఇంకా ఎక్కువ. అందుకే సూరత్ నగరపాలక సంస్థ ఏడు మాధ్యమాల్లో బడులు నడుపుతుంది. గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, తెలుగు, ఇంగ్లిష్.

బడిలో సాధ్యమైన ఏడు భాషలు వీధి బోర్డు మీద ఎందుకు కష్టం? ఒక కారణం మనసుకు సంబంధించినది, ఇంకొకటి చుక్కలకు సంబంధించినది. బస్సు మీదా స్టాపులోనూ కనిపించే చౌక ఎల్ఈడీ బోర్డులో అక్షరం ఎత్తు తరచూ పదహారు చుక్కలే. ఇంగ్లిష్‌కు చాలు. తలకట్టు గీత లేని గుజరాతీ ఎలాగో ఇముడుతుంది. తెలుగులో కింద రెండు వత్తులు, పైన గుడిదీర్ఘం పడేసరికి 'స్త్రీ' అన్న మాట ఒక ముద్దలా మిగులుతుంది. హైదరాబాద్ బస్సుల ముందు బోర్డు చదివినవాళ్లకు ఇది అనుభవమే. అంగుళానికి తొంభై చుక్కలున్న పలక మీద అంగుళం ఎత్తు అక్షరానికి తొంభై చుక్కలు దొరుకుతాయి. ఏ లిపైనా అచ్చు పుస్తకంలోలా నిలబడుతుంది. ఒకే బోర్డు పావుగంట గుజరాతీ, హిందీ, మరో పావుగంట ఒడియా, తెలుగు చూపించవచ్చు. లేదా సగం సగం పంచుకోవచ్చు. అచ్చు వేస్తే నాలుగు బోర్డులు, నాలుగు ఖర్చులు. భాషలు పెరిగేకొద్దీ పైన చెప్పిన వెయ్యిసార్ల లెక్క త్వరగా తీరుతుంది.

తాపీ ఒడ్డున బోర్డు

ఇంత అవసరం ఎక్కడ అంటే, వరదలో. 2006 ఆగస్టులో ఉకాయ్ డ్యామ్ నుంచి వదిలిన నీటితో తాపీ నది పొంగి సూరత్‌లో అత్యధిక భాగం మునిగింది. నగరం రోజుల తరబడి నీళ్లలో ఉంది. ఆ తర్వాత ముందస్తు హెచ్చరిక వ్యవస్థ మీద సూరత్ చాలా పని చేసింది. ఇవాళ వానాకాలంలో ఆ ఊళ్లో రెండు అంకెలు అందరి నోటా ఉంటాయి. ఉకాయ్ నీటిమట్టం పూర్తి స్థాయి 345 అడుగులకు ఎంత దూరంలో ఉంది? రాందేర్, సింగణ్‌పూర్ మధ్య కాజ్‌వే దగ్గర నీరు ఆరు మీటర్లు దాటిందా? దాటితే కాజ్‌వే మీద రాకపోకలు ఆపేస్తారు.

రెండు అంకెలు, ఒక 'తెరిచి ఉంది' లేదా 'మూసి ఉంది', పక్కన ఆకుపచ్చో పసుపో ఎరుపో ఒక పట్టీ. దీనికి ఆరు రంగులు కూడా ఎక్కువే. రోజుకు కొన్నిసార్లు మారితే చాలు. వరదలో మొదట పోయేది కరెంటు, తర్వాత ఫోన్ సిగ్నల్. ఆ రెండూ పోయాక కూడా బోర్డు మీద చివరి సందేశం నిలిచే ఉంటుంది. ఏ వార్డు వాళ్లు ఏ బడికి చేరాలి, పడవ ఏ కూడలికి వస్తుంది అన్నది చీకటి పడేదాకా చదువుకోవచ్చు. మామూలు ఎల్ఈడీ, ఎల్‌సీడీ తెరలకు ఈ గుణం లేదు.

ప్రమాదమూ ఇక్కడే ఉంది. ఎల్‌సీడీ తెర చచ్చిపోతే నల్లబడుతుంది, చచ్చిందని చూసేవాడికి తెలుస్తుంది. ఎలక్ట్రానిక్ కాగితం చచ్చిపోయినా బతికున్నట్టే కనిపిస్తుంది. ఉదయం ఆరింటికి 'కాజ్‌వే తెరిచి ఉంది' అని రాసి, ఏడింటికి సంబంధం తెగిపోతే, మధ్యాహ్నం నీళ్లు రోడ్డెక్కాక కూడా అది ప్రశాంతంగా అదే మాట చెబుతూ నిలబడుతుంది. బస్టాప్‌లో అయితే ఒక బస్సు తప్పుతుంది. నది ఒడ్డున ప్రాణం మీదికి వస్తుంది.

దీనికి ఇంజనీర్ల దగ్గర ఉపాయాలు లేకపోలేదు. ప్రతి సందేశం పక్కన అది రాసిన సమయం, ఎప్పటిదాకా చెల్లుతుందో ఆ సమయం పెద్ద అక్షరాల్లో వేయాలి. మందుల సీసా మీద గడువు తేదీలా. కేంద్రం నుంచి నిర్ణీత సమయంలో పలకరింపు రాకపోతే పలక తనంతట తాను పాత సందేశాన్ని చెరిపి 'సమాచారం అందడం లేదు' అని రాసుకునేలా చేయాలి. ఆ ఒక్క మార్పుకు సరిపడా విద్యుత్తును బ్యాటరీలో విడిగా దాచి ఉంచాలి. 'తెరిచి ఉంది' అన్న మాటకు గడువు గంటలోపే ఉండాలి. 'మూసి ఉంది' అన్నదానికి గడువు పెట్టకపోయినా పర్వాలేదు, అది పాతబడినా ఎవరినీ నీళ్లలోకి పంపదు.

సామగ్రి అమ్మే సంస్థల ప్రకటనల్లో కనిపించని ఖర్చు ఇంకొకటి ఉంది. నీటిమట్టం ఆరు మీటర్లు దాటిన అర్ధరాత్రి ఆ వాక్యాన్ని ఒడియాలో, తెలుగులో తప్పు లేకుండా ఎవరు రాస్తారు? అప్పటికప్పుడు యంత్రానువాదం మీద వదిలేస్తే 'కాజ్‌వే మూసి ఉంది' ఏ రూపంలో వస్తుందో చెప్పలేం. రావడానికి అవకాశమున్న ఇరవై, ముప్పై సందేశాలను ముందే ఏడు భాషల్లో రాయించి, ఆ భాష చదివే మనుషులకు చూపించి, బొమ్మలుగా పలకలోనే భద్రపరచవచ్చు. అప్పుడు కేంద్రం నుంచి వెళ్లాల్సింది ఒక అంకె మాత్రమే, బలహీనమైన సిగ్నల్ మీద కూడా అది చేరుతుంది. ఆ వాక్యాలను సరిచూడటానికి నగరపాలక సంస్థ బయట ఎవరినీ వెతకనక్కర్లేదు. దాని తెలుగు, ఒడియా బడుల్లో పాఠాలు చెప్పే పంతుళ్లు అక్కడే ఉన్నారు.